దెబ్బకీ దెబ్బకీ మధ్య

స్టోర్స్ గదిలో బోల్టులు సైజుల వారీగా డబ్బాల్లో సర్దుకుంటున్న సమ్మెటాయన దగ్గరికి ఆ రోజు మేనేజరే నడుచుకుంటూ వచ్చాడు. మామూలుగా అయితే కబురు పంపుతాడు. అది కూడా చీటీ మీద రాసి. సమ్మెటాయనకి ఇరవై ఏళ్లుగా మాటలు సరిగా వినబడవు. గొంతు తెలుస్తుంది గాని మాట తెలియదు. పిట్టలూ, ఫోన్లూ, పిల్లల నవ్వులూ ఆయన చెవుల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయాయి. లారీ వెళితే తెలుస్తుంది, ఉరిమితే తెలుస్తుంది. పక్క షెడ్డులో హ్యామరు మిషను దెబ్బ పడితే కాళ్ల కిందనుంచి తెలుస్తుంది.

"రేపు వాళ్లొస్తున్నారు," అన్నాడు మేనేజరు, పెదాలు బాగా కదిపి. "ఆ పాట వాళ్లు."

ఏ పాటో చెప్పక్కర్లేదు. నలభై రెండేళ్ల కిందట, ఇనుము కాల్చి సాగగొట్టే ఈ ఫోర్జింగ్ కార్ఖానా వెనక సందులో అద్దెకుండే నలుగురు జులాయిలు ఒక హార్డ్ రాక్ బ్యాండు పెట్టి, "ఎర్ర ఇనుము" అని ఒక పాట కట్టారు. ఆ బ్యాండు ఇంకా తిరుగుతూనే ఉంది. జుట్లు ఊడాయి, మోకాళ్లు అరిగాయి, అయినా ఎక్కడ వాయించినా జనం అరిచి అడిగేది ఆ పాటే. పాట మొదట్లో గిటారు ఉండదు, గొంతు ఉండదు. హ్యామర్ దెబ్బలు మూడు. తర్వాత కాస్త ఖాళీ. తర్వాత నాలుగో దెబ్బ పడుతుంది, దాంతోపాటే మిగతా వాద్యాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

ఆ దెబ్బలు సమ్మెటాయనవి. కార్ఖానాలో ఈ సంగతి తెలియనివాళ్లు ఉండరు, ఉంటే ఆయనే చెబుతాడు. "ఈయన అప్పుడు సుత్తి కొట్టాడు, ఇప్పటికీ మనకి సుత్తి కొడుతూనే ఉన్నాడు" అని క్యాంటీన్లో నవ్వుకుంటారు. ఆయనకి వినబడదు గాని పెదాలు కనబడతాయి కదా. నొచ్చుకోడు. పాట క్యాసెట్టు అట్ట మీద తన ఫోటో ఉంది, హ్యామర్ పక్కన, చేతిలో పట్టకారుతో. పేరు మాత్రం లేదు. "కింద ఒక్క ముక్క వేస్తే వాళ్ల సొమ్మేం పోయేది?" అన్నది ఆయన చిరకాల ఫిర్యాదు.

"ఈసారి పేరు వేస్తారట," అన్నాడు మేనేజరు. "పాత టేపు బూజు పట్టిపోయిందట. వీడ్కోలు కచేరీలకి మళ్లీ రికార్డు చేసుకుంటారట. అదే హ్యామరు, అదే మనిషి కావాలన్నారు. వచ్చే నెల ఆ హ్యామరు తుక్కుకి పోతోందని చెప్పేసరికి పరిగెత్తుకొస్తున్నారు."

సమ్మెటాయన చేతిలో ఉన్న బోల్టు అలాగే ఉండిపోయింది. అంగుళం డబ్బాలో వెయ్యాల్సింది అరంగుళం డబ్బాలో వేసి, మళ్లీ తీసి, అంగుళం డబ్బాలో వేశాడు.

"పేరు ఎలా రాయాలో నేను చెబుతాలెండి," అన్నాడు. "తప్పుల్లేకుండా."

మర్నాడు పొద్దున ఇద్దరే వచ్చారు. ఒకరు డ్రమ్మరు, ఎముకల గూడులాంటి మనిషి, రెండు మణికట్లకీ పట్టీలు. రెండో ఆమె సౌండ్ ఇంజనీరు, ముప్పై ఏళ్లుంటాయి, భుజానికి ఒకటి, చంకలో ఒకటి, చేతిలో ఒకటి పెట్టెలు. మేనేజరు టీ తాగుదామంటున్నా వినకుండా డ్రమ్మరు నేరుగా షెడ్డు వెనక గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించాడు.

"దీనికి అవతలే నా మంచం ఉండేది," అన్నాడు. "ఇవతల మీరు కొడుతుంటే అవతల నేను డబ్బాల మీద నేర్చుకునేవాణ్ణి. నాకు గురువు ఎవరంటే ఈ గోడే."

సమ్మెటాయన ఇరవై ఏళ్ల తర్వాత హ్యామరు లివరు పట్టుకున్నాడు. అరచేతికి చల్లగా, నున్నగా తగిలింది. దాన్ని నడిపే గాలి గొట్టాల్లోకి ఎక్కుతుంటే హ్యామరు ఒళ్లు కదిలి, మెట్టు మీద ఆయన అరికాళ్లు జివ్వుమన్నాయి. మర్చిపోయాననుకున్నది ఏదీ చెయ్యి మర్చిపోలేదు. ఎంత లాగితే ఎంత దిగుతుందో, ఎక్కడ వదిలితే గుడ్డు పెంకు పగలకుండా ఆగుతుందో అన్నీ ఉన్నాయి.

కొలిమిలోంచి కాలిన కడ్డీని పట్టకారుతో తెచ్చింది పహిల్వాను. ఇప్పటి జట్టులో ఇనుము పట్టేది అతనే. మెడా భుజమూ ఒకటే మందం. ఇంజనీరమ్మ వేలెత్తింది. సమ్మెటాయన కొట్టాడు. మూడు. పహిల్వాను మణికట్టు విదిలించి ఇనుముని తిప్పేశాడు. నాలుగు.

డ్రమ్మరు కళ్లు మూసుకుని విన్నాడు. "బాగుంది," అన్నాడు. "కానీ అది కాదు."

మళ్లీ కాల్చారు, మళ్లీ కొట్టారు. ఇంకోసారి కొట్టారు. ఇంజనీరమ్మ మైకులు జరిపింది, ఒకటి దగ్గరగా, ఒకటి పైన దూలానికి. దెబ్బలు సరిగ్గానే ఉన్నాయి, ఖాళీయే చిన్నదైపోతోందని తేల్చారు.

"పహిల్వాన్ భాయ్, కాస్త ఆగి తిప్పండి," అని అడిగింది ఆమె.

అతను ఆగాడు. మనసులో ఒకటీ రెండూ లెక్కపెట్టుకుని తిప్పాడు. డ్రమ్మరు అడ్డంగా తల ఊపాడు.

"ఇప్పుడు ఖాళీ ఉంది గాని అందులో ఎవరూ లేరు."

భోజనాల వేళకి ఎనిమిది కడ్డీలు పాడయ్యాయి. ఇంజనీరమ్మ సమ్మెటాయనని పక్కకి పిలిచి, తన కంప్యూటరు తెర మీద పాత పాట మొదటి క్షణాలని గీతలుగా చూపించింది. నాలుగు నిలువు గోపురాలు. మూడో దానికీ నాలుగో దానికీ మధ్య, నేలకి ఆనుకుని, చీమల పుట్టంత చిన్న ఎత్తు. ఆమె కాగితం మీద పెద్దక్షరాలతో రాసింది: *ఇదేంటి బాబాయ్? టేపు చప్పుడనుకున్నాం ఇన్నాళ్లూ. పెంచి వింటే ఎవరో ఊపిరి విడిచినట్టుంది.*

సమ్మెటాయన ఆ చిన్న ఎత్తుకేసి చూశాడు. ఆ చప్పుడు ఆయన చెవికి ఇంక ఎప్పటికీ అందదు. కంటికి అందింది. చూడగానే తెలిసింది.

"గాలి," అన్నాడు. "అప్పట్లో పైన రేకులు లేచిపోయి ఉండేవి."

ఆమె నమ్మినట్టే తల ఊపింది. తర్వాత, ఆయన మొహం చూసి జాలిపడిందో ఏమో, ఫోనులో ఒక వీడియో పెట్టి చేతికిచ్చింది. ఏదో పెద్ద స్టేడియం. మనుషులు ఆవగింజలంత ఉన్నారు. డెబ్భై వేల మందట. అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. ఒక్కసారిగా దిగాయి. మళ్లీ లేచి దిగాయి. మూడోసారి దిగి, లేచి, ఆగాయి.

ఆయనకి చప్పుడు లేదు, చూపొక్కటే. డెబ్భై వేల జతల చేతులు గాల్లో నిలబడిపోయాయి. ఎవరూ కదలడం లేదు. భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రులూ, తెల్లజుట్టు ఆడవాళ్లూ, మొహాలకి రంగులు పూసుకున్న వాళ్లూ, అందరూ నోళ్లు కొద్దిగా తెరుచుకుని, ఏదో రాబోతోందని, అది వచ్చేదాకా ఊపిరి తియ్యకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు ఆగిపోయారు. ఆ ఆగడం ఎంతసేపో ఆయనకి ఒంట్లో తెలుసు. గడియారం అక్కర్లేదు. ఎర్రటి ఇనుముని పట్టకారులో ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పడానికి ఒక మనిషికి పట్టేంతసేపు.

చేతులు దిగాయి. జనం కెరటంలా ఎగిసిపడ్డారు.

డ్రమ్మరు ఆయన పక్కన వచ్చి కూర్చున్నాడు. "నలభై రెండేళ్లుగా అక్కడ నాకు భయమేస్తుంది," అన్నాడు మెల్లగా, పెదాలు కనబడేలా ఇటు తిరిగి. "అంతమంది ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఆ ఎవరో నేను కాదని తెలుస్తూ ఉంటుంది."

సమ్మెటాయన ఫోను వెనక్కి ఇచ్చేశాడు.

"ఎప్పటిదాకా ఉంటారు?"

"ఎల్లుండి మధ్యాహ్నం దాకా."

మర్నాడు ఆయన సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్లాడు. అక్క ఒక పెద్ద హోటలు వాళ్ల లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. గది నిండా ఆవిరి. రోలరు అవతలినుంచి దుప్పటి వెచ్చగా, పలకలా బయటికి వస్తుంటే అక్క దాని మూలలు అందుకుని మడతపెడుతోంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. నడుం కొద్దిగా వంగింది గాని భుజాలు వంగలేదు.

తమ్ముణ్ణి చూసి గడ్డం ఎగరేసింది. అంటే, ఏం విరిగింది అని. హ్యామర్ హోరులో పదకొండేళ్లు కలిసి పనిచేసినవాళ్లు, ఆయన చెవులు పోకముందు నుంచే వాళ్లకి మాటలతో పనిలేదు. లోకంలో ఆయనకి పూర్తిగా అర్థమయ్యే మనిషి ఇప్పటికీ ఆమె ఒక్కతే.

"ఏం విరగలేదు."

"పని రోజున నువ్వు నా దగ్గరికొచ్చావంటే ఏదో ఒకటి విరిగే ఉంటుంది. ఊరికే నిలబడకు, ఆ కొస పట్టుకో."

ఆయన దుప్పటి కొస పట్టుకున్నాడు. మడతపెడుతూనే చెప్పాడు. పాట వాళ్లు వచ్చారని, దెబ్బలు కుదిరాయి గాని ఖాళీ కుదరలేదని, తెర మీద చిన్న ఎత్తు చూశానని.

"లాగి పట్టుకోరా. మూల చూసుకో, మూల," అంది అక్క. ఇంకో దుప్పటి అందుకుంది. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అది నా ఊపిరని. పదేళ్ల కిందట మనవరాలు ఫోనులో పెట్టింది. నేను అంట్లు తోముతున్నా. మూడు దెబ్బలు పడ్డాయి. నా ఒళ్లు దానంతటదే తిరిగింది, చేతిలో గిన్నె కింద పడింది. 'ఏంటమ్మమ్మా' అంది పిల్ల. చెయ్యి జారిందన్నా."

"నాకు చెప్పలేదేం?"

అక్క దుప్పటి దించి ఆయన మొహంలోకి చూసింది. "నీకెందుకు చెప్పడం? నీకు తెలీదా?"

ఆయన చేతిలోని కొసని ఇంకో మడత పెట్టాడు.

"ఫోటో తీసిన రోజు నేనెక్కడున్నాను?"

"వెనక. నీళ్ల తొట్టి దగ్గర."

"ఆడది హ్యామరు దగ్గర కనబడితే ఇన్‌స్పెక్టరు గోల చేస్తాడన్నాడు ఓనరు. హాజరు పుస్తకంలో నా పేరు పక్కన సహాయకురాలు అని రాసుకున్నవాడు, వాడి దగ్గర ఇంకేం ఆశిస్తాం? వాణ్ణి వదిలేయ్. నా పట్టకారు నీ చేతిలోకి ఎలా వచ్చింది?"

రోలరు తిరుగుతోంది. ఇంకో దుప్పటి సగం బయటికొచ్చి వేలాడుతోంది.

"నేనే తీసుకున్నా," అన్నాడాయన. "ఉత్త చేతులతో నిలబడితే బాగుండదనిపించింది."

"ఊఁ," అంది అక్క. ఆ ఊఁ ఆయనకి వినబడలేదు. ముక్కుపుటాలు అదరడం కనబడింది.

"తప్పయిపోయిందక్కా."

"అయింది," అంది. కోపంగా అనలేదు, కొలత చూసి చెప్పినట్టు అంది. "పట్టు ఆ కొస."

నాలుగు దుప్పట్లు మడిచారు. ఐదోది చేతిలోకి తీసుకుంటూ అక్క అటు చూస్తూనే అడిగింది.

"ఎంత మందం?"

"ఏంటీ?"

"ఇనుము. ఎంత మందం కడ్డీ కాలుస్తున్నారు?"

ఆయన బొటనవేలూ చూపుడువేలూ విడదీసి చూపించాడు.

"అది పిల్లలాటకి. దానికి రెట్టింపు ఉండేది మనది. తేలికదాన్ని తిప్పితే ఖాళీ ఎక్కడనుంచి వస్తుంది?" తన చేతులు చూసుకుంది. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. తెరిచింది, మూసింది. "రేపు నాకు రెండింటికి డ్యూటీ. పొద్దున ఖాళీయే."

మూడో రోజు పొద్దున అక్క పాత తోలు బూట్లు వేసుకుని, జుట్టుకి గుడ్డ గట్టిగా కట్టుకుని తమ్ముడి వెనకే గేటులోకి వచ్చింది. మేనేజరు ఎదురొచ్చాడు.

"ఈవిడెవరు? లోపలికి ఎలా వదిలారు? ఏదైనా అయితే ఇన్సూరెన్సు ఎవరిస్తారు?" తర్వాత సమ్మెటాయన మొహానికి ఎదురుగా వంగి, "పేరు రాయించుకునే రోజున చుట్టాల్ని వెంటేసుకొచ్చావేంటయ్యా?"

సమ్మెటాయన మాట సమ్మెటాయనకే సరిగా వినబడదు. అందుకని ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు. ఆ రోజు షెడ్డంతా విన్నది. కొలిమి దగ్గరివాళ్లు, గ్రైండర్ల దగ్గరివాళ్లు, గోడ పక్కన కూర్చుని మణికట్టు పట్టీలు కట్టుకుంటున్న డ్రమ్మరూ.

"ఈవిడ మా అక్క. ఆ పాటలో మేస్త్రీ ఈవిడ. నేను లివరు లాగేవాణ్ణి, అంతే. ఇనుము ఎప్పుడు తియ్యాలో, ఎక్కడ కొట్టాలో, ఎన్ని కొట్టాలో ఈవిడ చెబితే నేను కొట్టేవాణ్ణి. ఆపమంటే ఆపేవాణ్ణి. అట్ట మీద ఫోటోలో నా చేతిలో ఉన్న పట్టకారు ఈవిడది. ఇన్నాళ్లూ నేను మీ అందరికీ చెప్పింది సగమే. ఆ సగం పెద్ద గొప్పదేం కాదు. పేరు వేస్తే ఈవిడది వెయ్యండి."

ఎవరూ నవ్వలేదు. పహిల్వాను చేతి తొడుగులు తీసి పక్కన పెట్టాడు.

డ్రమ్మరు లేచి వచ్చాడు. అక్క ముందు నిలబడి గోడకేసి చూపించాడు.

"అవతల డబ్బాలు బాదింది మీరేనా?" అంది అక్క.

"నేనేనమ్మా."

"మధ్యాహ్నం పూట ఆ సందులోనే ఉండే మా అమ్మకి కునుకు పట్టనిచ్చేవారు కాదు. ఎన్ని తిట్లు తిట్టేదో." ఆయన మణికట్టు పట్టీలకేసి చూసింది. "తర్వాత్తర్వాత బాగా కొట్టారులెండి."

ఆయన నవ్వాడు, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. మేనేజరు ఇన్సూరెన్సు మాట మళ్లీ ఎత్తలేదు. నిప్పురవ్వలు పడకుండా పెట్టుకునే కళ్లద్దాలు రెండు జతలు తెప్పించి అక్క చేతికిచ్చాడు, ఒకటి సరిపోకపోతే ఇంకోటి అన్నట్టు.

అక్క తొందరపడలేదు. గోడకి వేలాడుతున్న పట్టకార్లలో ఒకటి తీసి, దవడలు కలిపి వెలుతురుకి పట్టి చూసి, పెట్టేసింది. ఇంకోటి తీసి పెట్టేసింది. మూడోదాని పిడులు అరచేతుల్లో ఆడించి, అవి విడిపోకుండా బిగించే రింగు వాటి మీదకి జార్చి, వేలితో కొట్టి సరేననుకుంది. రెట్టింపు మందం కడ్డీ కొలిమిలో పెట్టించింది. కొలిమి నోటి దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఎరుపు, ముదురు ఎరుపు, నారింజ. సమ్మెటాయన రెండుసార్లు చాలేమో అన్నట్టు చూశాడు. ఆమె కనుబొమ్మ కదిపింది. ఆగు.

తర్వాత తీసింది.

బరువుకి ఒక్క అడుగు తూలింది. పహిల్వాను ముందుకి రాబోయాడు. ఆమె చూపుతోనే ఆపేసింది. పట్టకారు పిడులు తుంటికి ఆనించి, ఎడమ మోకాలు కొద్దిగా వంచి, ఇనుముని దిమ్మ మీద పెట్టింది. వెలుగు ఆమె గడ్డం మీద, మెడ మీద పడింది. ఇంజనీరమ్మ వేలెత్తడం మర్చిపోయింది. ఎత్తినా ఎవరూ చూసేవాళ్లు కాదు. సమ్మెటాయన అక్క గడ్డం ఒక్కటే చూస్తున్నాడు.

గడ్డం దిగింది. కొట్టాడు.

నేల అదిరింది. రెండోది. నిప్పుపొరలు రాలి దిమ్మ చుట్టూ పడ్డాయి. మూడోది.

అప్పుడు అక్క తిప్పింది. మణికట్టుతో కాదు. ఆ బరువు మణికట్టుకి లొంగేది కాదు. మోకాలి నుంచి మొదలుపెట్టి, తుంటి మీదుగా, భుజం మీదుగా ఒళ్లంతా తిరిగితే చివర్న ఇనుము తిరిగింది. రింగు పిడి మీద జారింది. ఆమె భుజాలు లేచి, దిగాయి. ఆ దిగడంలో ఊపిరి బయటికొచ్చింది. సమ్మెటాయనకి అది వినబడలేదు. షెడ్డులో ముప్పై మంది చేతుల్లో ఉన్నవి చేతుల్లోనే పెట్టుకుని, నోళ్లు కొద్దిగా తెరుచుకుని నిలబడిపోవడం కనబడింది. గ్రైండరు మనిషి కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకున్నాడు. మేనేజరు కళ్లు ఆర్పలేదు. ఎవరి ఊపిరీ ఆడడం లేదు. అందరూ అక్క కోసం ఆగారు.

ఇంతసేపూ హ్యామరు పైనే ఉంది, టన్ను బరువు, ఆయన అరచేతిలో. తానేదో కొట్టేవాణ్ణని జీవితమంతా అనుకున్నాడు. ఆయన చేసిన పని ఇదీ. ఆగడం. ఆమె సిద్ధమయ్యేదాకా అంత బరువునీ పైన పట్టుకుని ఆగడం. అది చాలనిపించింది ఆయనకి. నిజంగానే చాలనిపించింది.

గడ్డం దిగింది. నాలుగోది పడింది.

ఇంజనీరమ్మ చెవుల మీద ఉన్నవాటిని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. తర్వాత మెల్లగా తీసి డ్రమ్మరుకేసి చూసింది. ఆయన ఒక పెట్టె మీద కూర్చుని, తల మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"వచ్చింది," అంది ఆమె. సమ్మెటాయనకేసి తిరిగి మళ్లీ అంది, "వచ్చేసింది."

మేనేజరు హుషారుగా చేతులు చరిచాడు. "అయితే అయిపోయినట్టే. గాలి కట్టేద్దాం," అంటూ స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"అదేంటయ్యా?" అంది అక్క. పట్టకారు దించలేదు. "ఇంకా వేడుంది. సగం కొట్టిన ఇనుము ఎవరైనా వదిలేస్తారా?"

మేనేజరు చెయ్యి స్విచ్చు మీదనుంచి దిగిపోయింది. డ్రమ్మరు పెట్టె మీదనుంచి లేచి, వేడి మొహానికి తగిలేంత దగ్గరగా వచ్చి నిలబడ్డాడు.

"ఇది ఏమవుతుందమ్మా?"

"అవనీయండి, చూద్దాం," అంది అక్క. ఇనుముని దిమ్మ మీద అంగుళం ముందుకి జరిపి, తమ్ముడికేసి చూసి గడ్డం దించింది.